‘బాగానే వుంది’కి ఎన్ని మార్కులు?

ప్రశ్న: మా అబ్బాయి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ పి.జి. రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫోనులో ఎప్పుడడిగినా ‘బాగానే వుందమ్మా’ అంటాడు. మొన్న పండక్కి వచ్చి రెండు రోజులూ నిద్రే. అన్నం ముందు కూర్చుని కునికాడు. శిక్షణ ఎలా వుందో మార్కులు వెయ్యమని కాలేజీవారు కాగితం ఇస్తే అన్నిటికీ అయిదుకి అయిదు వేశాడట. నిజంగా బాగుంటే మనిషి ఇలా అయిపోతాడా డాక్టరుగారూ?
— ఒక తల్లి, నాతవరం

జవాబు: అమ్మా! మీవాడు వేసిన మార్కులకన్నా మీరు చూసిన కునికిపాటునే నేను నమ్ముతాను. అతను అబద్ధమాడాడని కాదు. కాగితం మీద పేరు రాయించుకుని, దాన్ని పుచ్చుకునేవారే రేపు థీసిస్ మీద సంతకం పెట్టేవారయితే, ఏ కుర్రాడైనా అయిదే వేస్తాడు.

మీ వైపునుంచి ఎవరినైనా విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రిలో చేర్పించి వుంటే మీకు తెలిసే వుంటుంది. పెద్ద డాక్టరుగారు రౌండ్లకు వస్తారు. రాత్రి రెండింటికి ఆయాసమొస్తే ముందుగా పరుగెత్తుకొచ్చేది పి.జి. అతను విద్యార్థీ, పనివాడూ కూడా. అలాంటివాణ్ణి ‘తృప్తిగా వున్నావా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చదువు, నిద్ర, స్టైపెండు అన్నీ కలిసిపోయి ఒక్క మాట వస్తుంది. దానివల్ల ఏదీ తెలియదు.

బ్రిటన్‌లో 2005లో ‘ఫీమ్’ అనే ప్రశ్నావళి తయారుచేశారు. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 160. సొంతంగా పని చేసే అవకాశం, నేర్పే తీరు, అండదండలు మూడూ విడివిడిగా లెక్క కడతారు. డ్యూటీలో తిండి దొరుకుతుందా అని కూడా అడుగుతారు. (నాకు బాగా నచ్చిన ప్రశ్న అదే!) మొత్తం 100 వచ్చినా సంబరపడకూడదు. పాఠాలకు నిండుగా పడి, అండ దగ్గర అన్నీ సున్నాలే అయివుండవచ్చు.

ఇక పనిగంటలు. రెసిడెంట్లకు సాధారణంగా వారానికి 48 గంటలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 74 దాటవద్దని, వారానికొక సెలవు, రోజుకు 7, 8 గంటల నిద్ర వుండాలని సూచించింది. 48 నుంచి 74కి వచ్చామంటే వార్డుల్లో జరిగేదేమిటో వూహించుకోండి. ఆ కార్యదళానికి జవాబులిచ్చిన 5,337 మంది పి.జి.లలో నూటికి 15 మంది తమకు మానసిక సమస్య వున్నట్లు నిర్ధారణ అయిందన్నారు.

కాబట్టి ‘ఎలా వుంది నాయనా’ అని అడగకండి. నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు? ఆఖరి సెలవు ఎప్పుడు? అంతుపట్టని కేసొస్తే ఎవరిని పిలుస్తావు, పిలిస్తే వస్తారా, తిడతారా? ఈ మూడూ అడగండి. మూడు వారాలపాటు జవాబుల్ని క్యాలెండరు మీద గుర్తు పెట్టండి.

రెండు రోజుల నిద్ర జబ్బు కాదు, పాత బాకీ. కానీ తీరిక దొరికాక కూడా ఆకలి లేక, స్నేహితులతో పలకక, ‘నేనుండి ఏం లాభం’ వంటి మాట వస్తే ఆలస్యం చెయ్యక మానసిక వైద్యునికి చూపించండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్‌వారు రాత్రయినా పగలయినా ఉచితంగా మాట్లాడతారు. ‘సీటు ఎంత కష్టపడి తెచ్చుకున్నావురా’ అని మాత్రం ఆ సమయంలో అనవద్దు.

మరొక్క మాట. నైటు డ్యూటీ దిగి మోటారు సైకిలు మీద ఇంటికి బయలుదేరనివ్వకండి. బస్సెక్కి, నిద్రపోతూ రమ్మనండి.