చదువుకు చిరునామా ఉంది, కొలువుకు?



అమెరికా అనగానే మన ఇళ్లలో వీసా మాట వస్తుంది. ఆ దేశపు సాహిత్యం, చరిత్ర చదవడమూ ఒక చదువేననీ, దానికి మన హైదరాబాదే ఒకప్పుడు పేరున్న చిరునామా అనీ గుర్తుచేయాలనే ఈ సంచిక. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ మొదలైంది. నవలాకారుడు ఫాక్‌నర్ మీదో, నల్లజాతి ఉద్యమాల మీదో పనిచేసే అధ్యాపకులు ఇతర రాష్ట్రాల నుంచీ పెట్టె సర్దుకుని ఆ గ్రంథాలయానికి వచ్చేవారు. పగలంతా బీరువాల మధ్య, సాయంత్రం ఉపన్యాసాల్లో. కేంద్రం పేరు తర్వాత మారింది, ఆసక్తి పోలేదు.

కొలువుల సంగతే చిక్కు. మన విశ్వవిద్యాలయాల్లో అమెరికన్ స్టడీస్‌కంటూ విడిగా ఖాళీలు పడటం అరుదు. ఇంగ్లిష్ శాఖలో ఒక పేపరుగానే అది బతుకుతోంది. అమెరికాలోనూ పర్మనెంటు పోస్టులకు పోటీ ఎక్కువ, కాంట్రాక్టు పాఠాలే చాలామందికి దిక్కు.

అందుకే ఈసారి నాటకాలు, సినిమా ప్రదర్శనలు, సదస్సుల వ్యాసాల పక్కనే ఉద్యోగాల వ్యాసాలనూ ఉంచాం. సదస్సులో టీ విరామంలో కలిసిన పరిచయమే కదా, కొన్నిసార్లు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లేది! (మాలో ఇద్దరం అలా వచ్చినవాళ్లమే.)

పేజీ తిప్పండి.