కాటరు పిన్ను

నాన్నగారు 1978లో కొన్న సైకిలు. కుడి పెడలు కొన్నాళ్లుగా టకటకమంటోంది. క్రాంకును ఇరుసుకు బిగించే కాటరు పిన్ను అరిగిందన్నమాట. వేలెడు లేదు; ఒక పక్క ఏటవాలుగా చెక్కినట్టుంటుంది, సన్నని కొనకు మరలు, ఓ నట్టు. అంతే కదా అని నట్టు పూర్తిగా తీసేసి, సుత్తితో చిన్న దెబ్బలు పాతిక వేశాను. పిన్ను కదలలేదు సరికదా, మరలున్న కొన పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇక నట్టు ఎక్కదు, పిన్ను దిగదు!

"మీ దెబ్బలన్నీ లోపలి గోళీలు తిన్నాయి మాస్టారూ" అన్నాడు వీధి చివరి సైకిలు షాపతను. విచ్చిన కొనను ఆకురాయితో రాచి, కిరసనాయిలు పోసి, పావుగంట ఊరుకున్నాడు. (ఆ ఊరుకోవడమే నాకు చేతకాదు.) పిన్ను తల నోట్లో ఇమిడేటట్టు ఓ ఇనప గొట్టాన్ని క్రాంకు కింద నేలకు ఆనించి నిలబెట్టాడు. ఇక దెబ్బ గోళీల మీదికి పోదు, నేలకే పోతుంది. ఒక్కటే పోటు. పిన్ను ఠంగుమని గొట్టంలో పడింది.

నట్టును వదులుచేసి, మర కొనతో సమంగా ఉంచి కొడితే మరలు చెడవట. ముందే అడిగితే చెప్పేవాడే.

సాయంత్రం నాన్నగారు సైకిలెక్కి బజారుకు వెళ్లారు. చప్పుడు లేదేమని అడగలేదు, నేనూ చెప్పలేదు.