ఫోటాను జంటలు, సిలికా తీరము

2015 డిసెంబరు 16వ తేదీ సాయంకాలమున శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ–సీ29 రాకెట్టు మోసికొనిపోయిన ఆరు సింగపూరు ఉపగ్రహములలో మిక్కిలి చిన్నది గలాసియా. దాని కడుపులో ఫోటాను జంటలను పుట్టించు పెట్టె యొకటి యుండినదని, రాకెట్టు చూచుటకై పులికాటు గట్టుల కెగబడు మనలో నెందరికి తెలియునో! అట్టి పెట్టెయే 2014 అక్టోబరులో అమెరికాలో రాకెట్టు పేలిపోగా ఒడ్డున దొరికి, చెక్కుచెదరక పనిచేసినది.

ఆ పెట్టెలు స్ఫటికములతోను కటకములతోను కూర్చినవి. ఆ సరంజామాను నేడు సిలికాన్ చిప్పుపై, అర మైక్రాను వెడల్పైనను లేని వేవ్‌గైడు (కాంతి నడచు కాలువ) నందు ఇముడ్చుచున్నారు. అంత ఇరుకున లేసరు కాంతి తీవ్రమగుటచే, అందలి రెండు ఫోటానులు మాయమై, వాని శక్తినే పంచుకొని, ఒకటి హెచ్చు పౌనఃపున్యముతోను వేరొకటి అంతే తక్కువ పౌనఃపున్యముతోను క్రొత్తవి రెండు పుట్టును. వరుసగా వచ్చు లేసరు తునకలలో దేనినుండి పుట్టినవో తెలియరానిచో అది ఎంటాంగిల్‌మెంట్ గల జంట: దేనికది చూచిన యాదృచ్ఛికము, రెండును సరిపోల్చిన విడరాని పొందిక. సిలికాన్ వేవ్‌గైడులో జోడు ఫోటానులను 2006లో ప్రేమ్ కుమార్, మిఖాల్ లిప్సన్ ప్రభృతులు చూపిరి.

గాజు తంతువునం దిదే పని చేయబోయిన రామన్ పరిక్షేపణమువలన పరాయి ఫోటానులు చొరబడి లెక్క చెరుపును; స్ఫటిక సిలికానులో నది సన్నని పట్టీకి పరిమితమగుటచే తప్పించుకొనవచ్చును. అసలు కష్టము వేరు: జంట దక్కవలెనన్న లేసరు వెలుగును వేయి కోట్లలో ఒక పాలుకు అణచవలెను, లేసరు హెచ్చించిన సిలికానే కాంతిని మ్రింగును.

ఈ విద్యకు చేరువదైన క్వాంటం గణనకై, అమరావతిలో ఐబీఎంవారి 156 క్యూబిట్ల క్వాంటం యంత్రమునకు స్వాగతము పలుకుచున్నాము, పలుకుదము గాక! కాని యంత్రము కొనుట వేరు, విద్య పట్టుబడుట వేరు. చిల్లకూరు, కోట మండలముల సిలికా ఇసుక లారీల కెత్తుచు, ఇసుక యున్నది గనుక చిప్పులును మనవేయని మురియు వక్తలను విన్నాను. కొరత ఇసుకకు గాదు, పనివాండ్రకు. సిలికాన్ ఫోటానిక్స్ కేంద్రము గల మద్రాసు ఐఐటీ మనకు మూడు, నాలుగు గంటల దారి. అచ్చటి చిప్పొకటి తెచ్చి, కాకుటూరులోని విక్రమసింహపురి విశ్వవిద్యాలయమున ఒక లేసరు, మంచి ఫిల్టర్లు, రెండు ఫోటాను డిటెక్టర్లు అమర్చి, ఎమ్మెస్సీ పిల్లలచేత జంటలను లెక్కింపజేయుటకు ప్రభుత్వము తొలి విడత ధనమీయవలెను.

— తీరవాసి