సీసం పద్యంలో ఉంటే చాలు

జింకను కొట్టే గుండు సీసపుదై ఉండాలా, రాగిదై ఉండాలా అన్న విషయం మీద ఒక తెలుగు పంతులు టపా రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. పైగా నేను శాకాహారిని. మన దేశంలో జింకవేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం; ఆ చట్టం అలాగే ఉండాలని కోరేవారిలో నేనొకణ్ణి. నేను చెప్పబోయేది అమెరికా మాట. అక్కడ ఏటా లక్షలాది జింకలను అనుమతిపత్రం తీసుకొని చట్టబద్ధంగా వేటాడతారు. ఆ మాంసం ఇళ్లకు చేరుతుంది, పిల్లలు తింటారు. మా బంధువర్గంలోనే ఒక అబ్బాయికి ఈ వేట అబ్బింది. సీసాన్ని వెనకేసుకొస్తూ అతడు నాకు అప్పజెప్పిన వాదాలన్నీ అక్కడి వేటగాళ్ల నోట నలిగినవే. అవి నిలిచేవి కావని నా అభిప్రాయం.

ముందు పదాల సంగతి తేల్చుకుందాం. ఇత్తడి గొట్టం, అందులోని మందు, కొసన గుండు, అన్నీ కలిసినది తూటా. జంతువును తాకేది గుండు మాత్రమే. అది సాధారణంగా సీసపు ముద్ద, దానిపైన రాగి తొడుగు. తొడుగు కొసను కూడా కప్పేస్తే గుండు ఆకారం చెడకుండా దూసుకుపోతుంది. కొసన సీసం బయటపడి ఉంటేనో, బోలుగా ఉంటేనో, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకొంటుంది.

ఈ విచ్చుకొనే గుండుకు మన దేశంతో చుట్టరికం ఉంది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో బ్రిటిషువారు ఇటువంటిది తయారుచేయగా, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. 1899లో హేగ్ నగరంలో సమావేశమైన రాజ్యాలు యుద్ధంలో దాన్ని వాడరాదని ప్రకటించాయి. విచిత్రమేమంటే, ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 1991 నాటి జింకల చట్టం రైఫిలుతో జింకను కొట్టేవాడు విచ్చుకొనే గుండే వాడాలంటుంది. అమెరికాలోనూ పూర్తి తొడుగు గుండును జింకవేటలో నిషేధించిన రాష్ట్రాలున్నాయి. మనిషి విషయంలో క్రౌర్యమైనది జింక విషయంలో కరుణ ఎలా అయింది? సైనికుణ్ణి యుద్ధానికి పనికిరాకుండా చేస్తే చాలు. ఆపైన అతనికి వైద్యుడున్నాడు. జింకకు ఎవరున్నారు? సన్నని రంధ్రం చేసి గుండు అవతలికి పోతే ఆ మూగజీవి పరుగెత్తి పరుగెత్తి, ఏ పొదలోనో పడి, గంటలకొద్దీ చావుతో పెనగులాడుతుంది. విచ్చుకొన్న గుండు ఊపిరితిత్తులలో పడితే ఆ యాతన క్షణాలలో ముగుస్తుంది. విచ్చుకొనే గుండు పేరు వింటేనే చెవులు మూసుకొనే సున్నితహృదయులు ఈ తేడాను గమనించాలి.

ఆదిపర్వంలో మృగరూపంలో ఉన్న కిందముని పాండురాజు కొట్టిన కథ మనకు తెలిసినదే. మృగాన్ని చంపినందుకు ఆ ముని రాజును నిందించలేదు. చంపిన సమయాన్నీ తీరునూ నిందించి శపించాడు. వేట ఉన్నంతకాలం వేటకొక ధర్మం ఉంటుంది. గుండును ఎన్నుకోవడం దానిలో భాగమే.

ఇంతవరకు అక్కడి వేటగాళ్లు నాతో ఏకీభవిస్తారు. పేచీ ఇక్కడి నుంచి.

మనకు తెలిసిన సీసానికి నాలుగు పాదాలు, ఆపైన ఒక గీతం. దాని లెక్క దానికుంది. వాళ్ల సీసానికి లెక్కాపత్రం లేదు. మెత్తని లోహం కావడంతో మహావేగంతో ఎముకనో కండరాన్నో తాకగానే అది నలుసులు నలుసులుగా రాలి, గాయానికి చుట్టుపక్కల దూరందాకా చెదిరిపోతుంది. 2009లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో సీసపు గుండ్లతో కొట్టిన 30 జింకలను మామూలుగానే మాంసం దుకాణాలకు పంపి ఖీమా కొట్టించారు. 24 జింకల మాంసంలో లోహపు నలుసులు కనిపించాయి. 234 పొట్లాలను ఎక్స్‌రే తీస్తే సుమారు మూడో వంతు పొట్లాలలో ఉన్నాయి. ఆ మాంసం తినిపించిన పందుల రక్తంలో సీసం పెరిగింది. కోసినవాడికీ కనిపించక, తిన్నవాడి పంటికీ తగలక లోపలికి పోయే విషమిది.

దీనికి వాళ్ల సమాధానం: "తాతల కాలం నుంచి తింటున్నాం, ఏమైంది?" ఈ తాతల వాదం మనకూ కొత్త కాదు లెండి. ఉత్తర డకోటాలో 2008లో 736 మంది రక్తం పరీక్షిస్తే వేటమాంసం తినేవారిలో సీసం కాస్త ఎక్కువగా తేలింది. ఆ "కాస్త" అన్న మాటను పట్టుకొనే వేటగాళ్లు వేలాడుతున్నారు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా హాని లేదని చెప్పదగిన హద్దే లేదని వైద్యశాస్త్రం అంటుంటే, కాస్త అన్నది సమర్థన ఎలా అవుతుంది?

మనుషుల మాట అటుంచినా, అడవిలో వదిలేసిన పేగుల కుప్పను తినేవారెవరు? 1982లో కాలిఫోర్నియా కాండార్ అనే మహాగృధ్రాలు ప్రపంచం మొత్తంమీద 22 మాత్రమే మిగిలాయి. పెంచి మళ్లీ అడవిలో వదిలితే, వాటి చావుకు మొదటి కారణంగా తేలింది సీసమే. కళేబరంలో దాగిన విషం గద్దజాతిని ఎలా తుడిచిపెడుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు వల్లనే గదా మన ఊళ్ల మీది రాబందులు మాయమైనాయి! 2006లో ఆ పశువైద్యాన్ని నిషేధించేసరికే జరగవలసింది జరిగిపోయింది. జటాయువు పేరెత్తి కంట తడిపెట్టే మనం ఆ పక్షులు పోతుంటే గమనించనైనా లేదు.

రాగి గుండు సరిగా విచ్చుకోదన్న ఆక్షేపణలో మాత్రం కొంత సత్యముంది. రాగి సీసం కన్న గట్టిది, తేలిక. వేగం తగ్గితే విచ్చుకోకుండా దాటిపోవచ్చు. అంటే మరీ దూరం నుంచి కొట్టకూడదు, కొంచెం తక్కువ బరువు గుండును ఎంచుకొని వేగం నిలుపుకోవాలి, తన రైఫిలుకు ఏది నప్పుతుందో ముందే గురి మీద కొట్టి చూసుకోవాలి. ఇవన్నీ మంచి వేటగాడు ఎలాగూ చేయవలసిన పనులే. ఖరీదు మాటంటారా, వేలకు వేలు పోసి రైఫిలూ దూరదర్శినీ కొన్నవాడు ఏడాదికి జింకమీద పేల్చే నాలుగు తూటాల దగ్గర పొదుపు మాట్లాడటం వింతగా ఉంది.

ఇదంతా వేటను మాన్పించే కుట్ర అన్నది చివరి అస్త్రం. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను అమెరికా దేశమంతటా 1991లో నిషేధించినప్పుడూ ఈ మాటే అన్నారు. బాతులవేట నేటికీ సాగుతూనే ఉంది. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. అక్కడా జింకవేట ఆగలేదు. అరిజోనాలో కాండార్లు తిరిగే ప్రాంతంలో నిషేధమే లేదు. 2005 నుంచి ప్రభుత్వ వేటశాఖ సీసం లేని తూటాలను ఉచితంగా ఇచ్చి నచ్చజెబితే, ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా వేటగాళ్లు తామై ముందుకొచ్చారు.

రాగి తూటాలు దొరికేదాకా సీసంతోనే వెళ్తామనేవారు గాయం చుట్టూ మాంసాన్ని బెత్తెడు కాదు, మూరెడు మేర కోసి పారేయాలి. దాన్నీ పేగుల కుప్పనూ ఏ పక్షికీ అందకుండా లోతుగా పాతిపెట్టి రావాలి. ఆ ఖీమాను గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టకూడదు.