ఇంటిగుట్టు

గూఢచారుల కథలయందు మక్కువగల మీకు, ఈ మాసమున మన తీరముననే జరిగిన యొక యథార్థగాథను విన్నవించుచున్నాము.

నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్టణమును పూర్వము పాశ్చాత్యులు పెటపోలి యనెడివారు. 1606లో డచ్చి వర్తకసంఘమువారు అచ్చట కొఠీ పెట్టిరి. చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన మన నూలువస్త్రములను తూర్పుదీవులకు గొనిపోయి, అచ్చటి మిరియములను లవంగములను గొనితెచ్చుట వారి వ్యాపారము. ఏ దీవివారికి ఏ యంచు, ఏ రంగు నచ్చునో, ఏ నెలలో ఓడ కదలవలెనో తెలియుటయే యా వర్తకమునకు ప్రాణము.

ఆ కొలువున నుండి యీ మర్మము లెఱిగిన యిద్దఱు, పీటర్ విలెంజూన్, లూకాస్ ఆంథూనిస్ అనువారు, ప్రత్యర్థులగు ఆంగ్లేయుల సంఘముతో నొడంబడిక చేసికొనిరి. అందు మొదటివాడు పీటర్ ఫ్లోరిస్ అను మాఱుపేరు ధరించెను. కాగితము లపహరింప నక్కఱలేకపోయెను; వ్యాపారపు గుట్టంతయు వారి మనస్సులలోనే యుండెను. 1611 ఆగస్టులో వారెక్కిన ‘గ్లోబ్’ ఓడను పులికాటున డచ్చివారు అడ్డగింపగా, అది పెటపోలికిని పిమ్మట మచిలీపట్టణమునకును చేరెను.

నేతగాండ్రకు రెండవ కొనుగోలుదారు వచ్చుట మేలే. కాని ఫ్లోరిస్ చర్యను పరికింపుడు. 1614లో మచిలీపట్టణపు అధికారి బాకీ చెల్లింపక జాగుచేయగా, ఆయన కుమారుడు వేంకటాద్రిని పట్టి ఓడపై నుంచెను. బ్రాహ్మణుడగుటచే ఆ యువకుడు పరులచేతి యన్నము ముట్టక పస్తుండెను. జాలిపడితినని ఫ్లోరిస్ తన దినచర్యలో వ్రాసికొనెను. అయినను బాకీ తేలువఱకు విడువలేదు. ఆ దినములలో ఆ తల్లికి ముద్ద మ్రింగుడుపడి యుండునా? పరులు మాట తప్పుటను సహింపనివాడు, తాను విడిచివచ్చిన కొలువును తలచుకొనెనా?

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతచే విభీషణుని వీరితో సాటిచేయుట తగదని మా యభిప్రాయము. ఆయన నిండుకొలువున అన్నకు హితము చెప్పి, అవమానింపబడి, తన పేరుతోనే వెడలెను. వీరికి లాభమే ప్రేరకము.

నేడు మన ప్రత్తి, మిరప పొలముల పల్లెలనుండి బిడ్డలు దేశదేశముల సంస్థలలో కొలువున కేగుచున్నారు. కొలువు మానవచ్చును, వేఱొకచోట చేరవచ్చును. నేర్చిన విద్య వారి సొత్తు, నమ్మి చెప్పిన గుట్టు మాత్రము పరులది. పేరు మార్చుకొని చేయవలసిన పనిని చేయవలదని, ప్రయాణమునకు ముందే తల్లులు వారికి చెప్పుదురుగాక.