ఎకరానికి ఐదు కట్టలు: ఇది ఎవరి లెక్క?

కొంచెం పెద్ద పోస్టు. వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందు ఓపిగ్గా చదవండి. తిట్టాలంటే చదివాక తిట్టండి.

వర్షాధారంగా మొక్కజొన్న వేసే ప్రతి కుటుంబానికీ సంఘం హామీ మీద అప్పు ఇప్పించి, విత్తే ముందే ఎకరానికి 2 డీఏపీ, 3 యూరియా కట్టలు ఒకేసారి కొనిపించాలని ప్రతిపాదన వచ్చింది. ఉద్దేశం మంచిదే. 2008 జూన్‌లో హావేరిలో ఎరువు కోసం రోడ్డెక్కిన రైతుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. కట్ట దొరకదన్న భయం నాకూ ఉంది. అయినా ఈ ప్రతిపాదనకి నేను చెయ్యెత్తను. ఎందుకో చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 50 కిలోల డీఏపీ కట్టలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. 45 కిలోల యూరియా కట్టలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే మన ఐదు కట్టల్లో ఎకరానికి 80 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం. కర్ణాటకలో వర్షాధార మొక్కజొన్నకి వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసు హెక్టారుకి 100 కిలోల నత్రజని, 50 భాస్వరం, 25 పొటాష్. ఎకరాకి దించితే 40, 20, 10. ఒక డీఏపీ, ఒకటిన్నర యూరియా కట్టలతో నత్రజని, భాస్వరం సరిపోతాయి. మనం రెట్టింపు పోస్తూ పొటాష్, జింకు ఊసే ఎత్తడం లేదు. లేత ఆకులు తెల్లబడితే మళ్లీ యూరియానే చల్లుతాం. అది చాలాసార్లు జింకు లోపం. భాస్వరం ఎక్కువైతే ఆ లోపం ఇంకా ముదురుతుంది.

"హైబ్రిడ్ కదా, ఎంత పెడితే అంత ఇస్తుంది" అంటారు మన పెద్దలు. ఈ మాటలో సగం నిజం. హైబ్రిడ్‌కి ఎరువును గింజగా మార్చే శక్తి పాత రకాల కంటే ఎక్కువే. క్వింటాలు గింజకి పైరు రెండు నుంచి రెండున్నర కిలోల నత్రజని తీసుకుంటుంది. 20 క్వింటాళ్లు పండితే 40 నుంచి 50 కిలోలు. అందులో కొంత నేలే ఇస్తుంది. మిగతా సగం నిజం ఏమిటంటే, ఆ ఎరువు వేరుకి అందాలంటే తడి ఉండాలి.

జల్లు, పీచు వచ్చే రోజుల్లో బెట్ట తగిలితే పీచు ఆలస్యంగా వస్తుంది. అప్పటికే పుప్పొడి రాలిపోతుంది. కండె బోడిగా మిగులుతుంది. ఆ దెబ్బని ఏ కట్టా పూడ్చలేదు. పైగా మొదట్లోనే యూరియా దట్టిస్తే పైరు ఏపుగా ఎదిగి, నేలలో ఉన్న కాస్త తడినీ ముందే తాగేస్తుంది. పూత నాటికి తడి ఉండదు. చూడ్డానికి పచ్చగా ఉన్న చేనే ముందు వాడిపోవడం మనలో చాలామంది చూసినదే. లోతు తక్కువ ఎర్రనేలల్లో ఇది మరీ ఎక్కువ.

ఈ కట్టల అలవాటు మనకి ఎక్కడిదో ఒక్కసారి ఆలోచించండి. మన తాతలు కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువల కింద క్యాంపులు వేసుకుని వరి పండించారు. కాలువ నీళ్లున్న మళ్లలో ఆ లెక్క చెల్లింది. ఇప్పుడు కూడ్లిగి, హరపనహళ్లి వైపు మెట్టలో మేఘాన్ని నమ్ముకుని మెక్కెజోళ వేస్తూ అదే లెక్క పట్టుకుంటే ఎలా?

డబ్బు సంగతి. డీఏపీ 1,350, యూరియా 266 రూపాయల 50 పైసల చొప్పున ఐదు కట్టలకి దాదాపు 3,500. సిఫారసు ప్రకారం అయితే 1,750. "తేడా 1,750 అంతే కదా, ఒక క్వింటాలు ఎక్కువ పండినా గిట్టుతుంది" అని ఒక బావగారు అన్నారు. నిజమే, వాన పడితే. వాన పడుతుందో లేదో తెలియని జూన్‌లోనే మొత్తం అప్పు తలకెత్తుకోవడం దేనికి? ఐదెకరాల కుటుంబానికి అది 8,750 రూపాయలు, పైన వడ్డీ.

యూరియాలో ఉన్న సుగుణమే అది: ముందే వెయ్యక్కర్లేదు. విత్తేటప్పుడు డీఏపీ మొత్తం, యూరియా కొంచెం. మోకాలెత్తులో, నేల తడిగా ఉన్నప్పుడు ఇంకొంత వేసి గుంటకతో మట్టిలో కలపాలి. నేల పైనే వదిలేస్తే, ముఖ్యంగా నల్లరేగడిలో, అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఆఖరి మోతాదు జల్లు రాకముందు, వాన తీరు చూసి. వాన బాగుంటే ఇంకో అరకట్ట వేసుకోండి, హైబ్రిడ్ దాన్ని వాడుకుంటుంది. లేకపోతే ఆ డబ్బు మీ జేబులోనే ఉంటుంది.

హైబ్రిడ్లే వద్దు, పాత జొన్నకే పోదాం అనే తమ్ముళ్లతోనూ నేను ఏకీభవించను. మన దేశంలో మొదటి మొక్కజొన్న హైబ్రిడ్లు వచ్చింది 1961లో. వాటిలో దక్కన్ అనేది హైదరాబాదు నుంచి వచ్చినదే. తప్పు విత్తనానిది కాదు, దానికి మనం పోసే తీరుది.

కాబట్టి నా సవరణ ఇది. ఒకటి, అప్పు ఒకేసారి వద్దు. విత్తేటప్పుడు ఒక విడత, పైపాటు ఎరువుకి వాన చూసి ఇంకో విడత. రెండు, మొదటి విడత తీసుకునే ముందు ప్రతి చేనుకీ మట్టి పరీక్ష. రైత సంపర్క కేంద్రానికి మట్టి చేర్చే పని మన కుర్రాళ్లు చూసుకోగలరు. మూడు, ప్రతి ఊళ్లో మన సభ్యుల్లో ఒకరింట్లో వానమాపకం పెట్టి, రోజూ అంకె మన గ్రూపులో వెయ్యాలి.

సమావేశంలో నా మాట వీగిపోయినా ఫర్వాలేదు. కానీ అప్పు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు, ఆ మూడో యూరియా కట్ట ఏ వానని నమ్ముకుని కొంటున్నారో ప్రతి కుటుంబాన్నీ అడగండి.