ద్విగువులోని గోవు

పంచభూతములు, అష్టదిక్కులు, నవగ్రహములు అను మాటలు పలుకని ఆస్తికుడు ఉండడు. తెలుగు వ్యాకరణమున ఇవన్నియు ద్విగు సమాసములు. సంఖ్యావాచకము పూర్వపదముగా గలది ద్విగువు అని ప్రతి విద్యార్థియు వల్లె వేయును. కాని 'ద్విగు' అను శబ్దమునకు అర్థమేమని అడిగినచో సమాధానము దొరకుట అరుదు.

ఆ పదములో ఒక గోవున్నది. రెండు గోవులను మూల్యముగా ఇచ్చి కొన్నది 'ద్విగు'. ఒక ఉదాహరణమే ఆ సమాసజాతికంతటికి పేరైనది. పాణిని అష్టాధ్యాయిలో 2.1.52 సూత్రమున ఈ సంజ్ఞను విధించెను. 'గో' శబ్దము 'గు' అగుటకు 1.2.48 సూత్రము ఆధారము. సమాసాంతమున గోశబ్దము ఉపసర్జనమైనపుడు, అనగా అప్రధానమై వేరొక అర్థమునకు లోబడినపుడు, ఓకారము ఉకారమై హ్రస్వమగును. చిత్రవర్ణములైన గోవులు గలవాడు చిత్రగువు. గోశబ్దమునకు కిరణమను అర్థమును కలదు. కనుక సూర్యుడు ఉష్ణగువు, చంద్రుడు శీతగువు.

ఈ అర్థము తెలిసిన పూర్వులు వ్యాకరణమును జీవితమునకు దూరముగా ఉంచలేదు. ప్రసిద్ధమైన ఒక సంస్కృత చాటువులో పేదవాడొకడు సమాసముల పేర్లతోనే దాతకు మొర పెట్టుకొనును. ఆలుమగలు ఇరువురు గనుక తాను ద్వంద్వము. రెండు గోవులున్నవి గనుక ద్విగువు. ఇంట వ్యయము చేయుటకేమియు లేదు గనుక నిత్యము అవ్యయీభావము. తన్ను బహువ్రీహిని, అనగా ధాన్యసమృద్ధుని, చేయుమని అతని ప్రార్థన. 'ద్విగు' శబ్దార్థము తెలియనివానికి ఆ ఆకలి వినబడదు.

గోశబ్దమునకు ఇంద్రియమను అర్థమును పెద్దలు చెప్పిరి. ఇంద్రియములకు విషయమగునది గోచరము, కానిది అగోచరము. ఈ అర్థమున హ్రస్వవిధిని స్మరించినచో సాధకునకు చక్కని దృష్టాంతము లభించును. ఇంద్రియము ప్రధానమై నిలిచినంతకాలము దీర్ఘమే. ఆత్మకు ఉపసర్జనమైననాడు హ్రస్వమగును. అది నశించుట లేదు, తన స్థానమును తెలిసికొనుచున్నది. ఇంద్రియములను చంపుమనుట వేరు, లోబరచుకొనుమనుట వేరు. 'గు' అని కుదించినను గోవు గోవే.

సూత్రము శబ్దసాధనకే గాని వేదాంతమునకు కాదని ఆక్షేపింపవచ్చును. ఆ మాట సత్యమే. ఇది సూత్రార్థము కాదు, దృష్టాంతము మాత్రమే. అయినను అర్థము విడిచి లక్షణమును మాత్రమే కంఠస్థము చేయించుట విద్యకు తీరని లోపము. సమాసములు నేర్పు గురువు ఆ మొదటి పాఠముననే ద్విగువులోని గోవును బాలునకు చూపవలెను. అందులకు పట్టునది ఒక్క నిమిషము.